ఐదు చుక్కల ఒప్పందం

ఢిల్లీ ఆసుపత్రిలో దొరికిన వైరస్, అమెరికాలోని ఒక స్వచ్ఛంద సంస్థ, హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దాటాక తుర్కపల్లిలో ఉన్న ఒక ఫ్యాక్టరీ కలిసి డాలరుకో డోసు టీకాను తెచ్చాయి. దాదాపు అవే ఏళ్లలో అదే స్వచ్ఛంద సంస్థ ఖమ్మం ఏజెన్సీలో అడుగుపెట్టి, పార్లమెంటు చేత చీవాట్లు తింది. కంపెనీలూ సేవా సంస్థలూ చేతులు కలిపితే ఏమవుతుందో తెలియాలంటే ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

2016 వేసవిలో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఏఎన్‌ఎమ్మల టీకా డబ్బాలోకి కొత్త సీసా ఒకటి చేరింది. సూదిమందు కాదు, నోట్లో వేసే చుక్కలు. పోలియోకైతే రెండు, దీనికి ఐదు. నెలన్నర బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకున్న తల్లి "కక్కేస్తాడేమో మేడం" అంటుంది. "బుగ్గ లోపలికి మెల్లగా వదుల్తాలే అమ్మా, తల కదలకుండా పట్టుకో" అంటుంది ఏఎన్‌ఎం. అంతకంటే ముందు ఆమె చేసే పని ఇంకొకటుంది. సీసాను వెలుతురుకు తిప్పి, దాని మీదున్న చిన్న గుర్తును చూస్తుంది. ఊదారంగు గుండ్రం, దాని మధ్యలో లేతరంగు చదరం. చదరం లేతగా ఉన్నంతవరకూ మందు మంచిదే. చుట్టూ ఉన్న గుండ్రంతో రంగు కలిసిపోయిందంటే దారిలో ఎక్కడో వేడి తగిలిందన్నమాట, ఆ సీసా పక్కన పడేయాలి. థర్మామీటరు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, కరెంటు అసలే అక్కర్లేదు.

ఆ చిన్న గుర్తు వెనకే ఒక పెద్ద కథ ఉంది. 1970ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తట్టిన అవసరం అది. పల్లెకు చేరేసరికి టీకా పాడైందో లేదో చూడగానే తెలియాలి. వేడికి రంగు మారే రసాయనం అమెరికాలో అప్పటికే ఉంది. దాన్ని టీకా సీసాకు పనికొచ్చేలా మార్చే బాధ్యతను సియాటెల్‌లోని పాత్ అనే సంస్థ నెత్తికెత్తుకుంది. లైఫ్‌లైన్స్ అనే న్యూజెర్సీ కంపెనీ తయారీకి దిగింది. అయినా ఆ గుర్తు మొదటిసారి పోలియో సీసా మీదికి ఎక్కడానికి 1996 దాకా పట్టింది. ఆలస్యానికి కారణం రసాయనం ఒక్కటే కాదు. తమ మందు పాడైందని తమ సీసాయే చాటిచెప్పడం ఏ టీకా కంపెనీకి ఇష్టం? ఆర్డర్లు ఖాయం కాకుండా లేబుళ్ల కంపెనీ మాత్రం ఎందుకు పెట్టుబడి పెడుతుంది? చివరికి యూనిసెఫ్ "గుర్తు ఉంటేనే కొంటాం" అని టెండరులో రాసేసరికి ముడి విడింది. ఆరోగ్య సాంకేతికతలో కంపెనీలకూ స్వచ్ఛంద సంస్థలకూ మధ్య జరిగే వ్యవహారమంతా దాదాపు ఇలాగే నడుస్తుంది. శాస్త్రం ముందే సిద్ధంగా ఉంటుంది. ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, పోతే ఎవరికి పోతుంది అన్న లెక్క తేలడానికే ఏళ్లు గడుస్తాయి.

పాత్ 1977లో పుట్టింది. ముగ్గురు పరిశోధకులు పెట్టిన ఆ సంస్థ మొదట్లో కుటుంబ నియంత్రణ సాధనాల పనికే పరిమితం. పేద దేశాలకు కావాల్సిన వస్తువులను లాభం కోసం పనిచేసే కంపెనీల చేతనే చేయించాలి, అందుకు కంపెనీలకున్న భయాలను మనం తగ్గించాలి అన్నది వాళ్ల సిద్ధాంతం. అప్పట్లో సేవా సంస్థలు కంపెనీ గడప తొక్కడమంటే మైలపడటంలా చూసేవాళ్లు చాలామంది. ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల అనుమానం ఒట్టి చాదస్తమేమీ కాదని తర్వాత ఖమ్మం దగ్గర చూస్తాం.

జబ్బు చేయని వైరస్

ఐదు చుక్కల కథ 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలైంది. అక్కడి పసికందుల వార్డులో ఒక వింత కనిపించింది. పిల్లల మలంలో రోటావైరస్ ఉంది, పిల్లలకు మాత్రం విరేచనాల్లేవు. రోటావైరస్ అంటే అప్పటికే పిల్లల డాక్టర్లకు హడల్. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం కనిపెట్టిన ఈ వైరస్ ఐదేళ్లలోపు దాదాపు ప్రతి బిడ్డనూ ఒకసారైనా పలకరిస్తుంది. నీళ్లు కాచి తాగినా, చేతులు కడుక్కున్నా పూర్తిగా ఆగదు. కలిగినవాళ్ల బిడ్డకూ వస్తుంది, లేనివాళ్ల బిడ్డకూ వస్తుంది. తేడా అంతా ఆ తర్వాతే. సెలైన్ ఎక్కించే ఆసుపత్రి అరగంట దూరంలో ఉన్న బిడ్డ బతుకుతుంది, లేని బిడ్డ ఒంట్లో నీరంతా పోయి ఒకటి రెండు రోజుల్లోనే చేజారిపోతుంది. 2008 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనాలో ప్రపంచం మొత్తమ్మీద రోటావైరస్ వల్ల చనిపోయిన ఐదేళ్లలోపు పిల్లలు 4.53 లక్షలు. అందులో లక్షకు కాస్త తక్కువమంది మన దేశం పిల్లలే.

అలాంటి వైరస్ ఎయిమ్స్ పసికందుల్లో ఎందుకు ఊరుకుంది? డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ ఆ ప్రశ్నను వదల్లేదు. ఆ పిల్లలను తర్వాత కూడా గమనిస్తే, పుట్టిన కొత్తలో ఈ వైరస్ సోకినవాళ్లకు ఆ తర్వాత రోటావైరస్ విరేచనాల బెడద తగ్గినట్టు తేలింది. పుట్టుకతోనే టీకా పడ్డట్టయింది. వైరస్‌ను విప్పి చూస్తే కారణం కొంత తెలిసింది. మనుషుల రోటావైరస్‌లో ఆవుల రోటావైరస్ జన్యువు ఒకటి దానంతటదే వచ్చి చేరింది. దానికి 116ఈ అని పేరు పెట్టారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి. దుర్గారావు బృందానికి ఇలాంటిదే ఇంకొకటి, ఐ321, దొరికింది. తర్వాత పిల్లల మీద రెంటినీ పరీక్షించినప్పుడు 116ఈ నెగ్గింది.

ఇక్కడిదాకా ఇది ప్రభుత్వ ఆసుపత్రి, ప్రభుత్వ డబ్బు. 1987లో కుదిరిన భారత-అమెరికా టీకాల కార్యక్రమం కింద అమెరికా ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐహెచ్, సీడీసీ కూడా తోడయ్యాయి. స్టాన్‌ఫర్డ్ నుంచి హ్యారీ గ్రీన్‌బర్గ్, సీడీసీ నుంచి రోజర్ గ్లాస్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి దీని వెంట ఉన్నారు. కానీ వైరస్ చేతిలో ఉంటే టీకా ఉన్నట్టు కాదు. దాన్ని లక్షల డోసులుగా, ప్రతి డోసూ ఒకేలా ఉండేట్టు పెంచి, వడగట్టి, సీసాలకెక్కించేది ఎవరు?

తుర్కపల్లి మలుపు

తిరుత్తణి దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, వ్యవసాయ శాస్త్రం చదివి, అమెరికాలో పీహెచ్‌డీ చేసి వచ్చిన కృష్ణ ఎల్లా, ఆయన భార్య సుచిత్ర 1996లో భారత్ బయోటెక్ పెట్టారు. హైదరాబాద్ అప్పటికి టీకాలకు కొత్తేమీ కాదు. బయొలాజికల్ ఈ ఎప్పటి నుంచో ఉంది. వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్ 1997లో హెపటైటిస్ బీ టీకాను తెచ్చి విదేశీ కంపెనీల ధరలకు కళ్లెం వేసింది. అయినా భారత్ బయోటెక్ 116ఈని తీసుకోవడం తెగింపే. మరొకరు కనిపెట్టిన వైరస్, పనిచేస్తుందో లేదో తెలియదు, కొనబోయేది పేదల తరఫున ప్రభుత్వాలు. పైగా అదే సమయంలో అమెరికాలో వైయెత్ కంపెనీ తెచ్చిన మొదటి రోటా టీకా 1998లో బజారుకొచ్చి మరుసటి ఏడాదే వెనక్కి వెళ్లిపోయింది. కొందరు పిల్లల్లో పేగు పేగులోకి చొచ్చుకుపోయే ప్రమాదం కనిపించడమే కారణం. ఆ దెబ్బకు రోటా టీకా అంటేనే పరిశ్రమ రెండడుగులు వెనక్కి వేసింది.

పాత్ ఈ దశలోనే రంగంలోకి దిగింది. బిల్ అండ్ మెలిందా గేట్స్ ఫౌండేషన్ డబ్బు దాని చేతిలో ఉంది. మన ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం ఒకవైపు, గేట్స్ డబ్బుతో పాత్ మరోవైపు ప్రయోగాల ఖర్చును పంచుకున్నాయి. చివరి దశలో నార్వే, బ్రిటన్ ప్రభుత్వాల సాయం కూడా కలిసింది. కంపెనీ ఫ్యాక్టరీని, తయారీ నైపుణ్యాన్ని, తన డబ్బును పెట్టింది. భాన్ 2004లో అదే బయోటెక్నాలజీ విభాగానికి కార్యదర్శి అయ్యారు. వైరస్‌ను పట్టుకున్న డాక్టరే దానికి డబ్బిచ్చే ఆఫీసు పెద్దగా మారడం అరుదైన సంగతి. మన ప్రభుత్వాఫీసుల్లో ఇరవై ఏళ్లు ఒక ఫైలు బతికి ఉందంటే దానికి ఇలాంటి మనిషి ఒకరు కాపలా ఉండి తీరాలి.

ఇంతమంది పెద్దల పేర్ల కన్నా ఈ భాగస్వామ్యంలో నాకు ముఖ్యంగా తోచేది ఒక అంకె. ప్రభుత్వాలకు డోసు ఒక డాలరుకే ఇస్తామని, మూడో దశ ప్రయోగం ఫలితాలు తేలకముందే కంపెనీ మాటిచ్చింది. 2013 నాటి మారకంలో అది 55 రూపాయలకు అటూఇటూ. అమెరికాలో 2006లో మెర్క్ కంపెనీ రోటా టీకా విడుదలైనప్పుడు ఒక్క డోసు వెల 62.50 డాలర్లు. 2011లో పేద దేశాల కోసం గ్లాక్సో స్మిత్‌క్లైన్ తన టీకాను రెండున్నర డాలర్లకు దించింది. హైదరాబాద్ నుంచి వినిపించిన డాలరు మాట అందులో ఏమాత్రం పనిచేసిందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

ధరను ముందే కట్టేయడం అప్పటికి కొత్త కిటుకు కాదు. ఆఫ్రికాలో సహారా ఎడారి దిగువ దేశాలను ఏటా ఎండాకాలంలో మెనింజైటిస్ ఊడ్చేసేది. 2001లో గేట్స్ ఫౌండేషన్ ఇచ్చిన 7 కోట్ల డాలర్లతో పాత్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి టీకా తయారీకి పూనుకున్నాయి. డైరెక్టరుగా వచ్చిన మార్క్ లాఫోర్స్ ముందుగా ఆఫ్రికా ఆరోగ్య అధికారులను అడిగింది ఒకే మాట: మీరు ఎంత పెట్టి కొనగలరు? అర డాలరు మించితే మావల్ల కాదన్నారు. పెద్ద కంపెనీలు ఆ ధర విని పెదవి విరిచాయి. దాంతో ముడిసరుకు నెదర్లాండ్స్ కంపెనీ నుంచి, తయారీ పద్ధతి అమెరికా ఎఫ్‌డీఏ ప్రయోగశాల నుంచి తెచ్చి, పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ చేత చేయించారు. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో మెన్‌ఆఫ్రివాక్ వేయడం మొదలైంది, అర డాలరు లోపే. మామూలుగా ముందు మందు తయారవుతుంది, తర్వాత కంపెనీ ధర చెబుతుంది, ఆ తర్వాత మనం ఏడుస్తాం. ఇక్కడ ధర ముందు, మందు తర్వాత.

యాభై నాలుగేనా?

116ఈతో చేసిన టీకాకు రోటావాక్ అని పేరు పెట్టారు. 2011 మార్చిలో దాని మూడో దశ ప్రయోగం ఢిల్లీ, పుణె దగ్గరి వడూ, వేలూరుల్లో మొదలైంది. మొత్తం 6,799 మంది పసిపిల్లలు. 4,532 మందికి టీకా, 2,267 మందికి టీకాలాగే కనిపించే ఉత్త చుక్కలు. ఎవరికి ఏది వేశారో తల్లికీ తెలియదు, వేసినవాళ్లకీ తెలియదు. కార్యకర్తలు వారం వారం ఇంటికెళ్లి పిల్లలను చూశారు.

2013 మే 14న ఢిల్లీలో ఫలితాలు ప్రకటించారు. మరుసటి ఏడాది లాన్సెట్‌లో వచ్చిన పూర్తి లెక్క ప్రకారం, తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను టీకా 53.6 శాతం అడ్డుకుంది. "ఇంతేనా?" అన్నవాళ్లున్నారు. తట్టు టీకాకు అలవాటుపడిన వాళ్లకు సగం రక్షణ అంటే సగం మోసంలాగే అనిపిస్తుంది. కానీ ధనిక దేశాల్లో 85 శాతానికి పైగా పనిచేసిన గ్లాక్సో టీకా మలావీకి వెళ్లేసరికి 49 శాతానికి పడిపోయింది. మెర్క్ టీకా బంగ్లాదేశ్, వియత్నాంలలో 48 శాతం. పేద దేశాల పిల్లల పేగుల్లో నోటి టీకాలు ఎందుకో సరిగా అంటవు. పోషకాహార లోపం, పేగుల్లో ఎప్పుడూ ఉండే ఇతర క్రిములు, తల్లిపాల నుంచి అందే యాంటీబాడీలు అంటూ కారణాలు చాలానే చెబుతారు. లక్షమంది చచ్చిపోయే జబ్బులో సగం ఆగినా అది యాభై వేల ఇళ్ల సంగతి. రోటావాక్ ప్రభుత్వ రోగనిరోధక కార్యక్రమంలో చేరాక తొమ్మిది రాష్ట్రాల ఆసుపత్రుల్లో చేసిన పరిశీలన 2025లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. అందులోనూ తేలింది 54 శాతమే. ప్రయోగంలో వచ్చిన అంకె పల్లెలోనూ నిలబడటం చిన్న విషయం కాదు.

వేరే రకం అభ్యంతరాలు ఇంకా గట్టివి. బజారులో రెండు టీకాలు ఉండగా రెండువేల మందికి పైగా పసివాళ్లకు ఉత్త చుక్కలు వేయడం సబబేనా అని వైద్య నీతిని పట్టించుకునేవాళ్లు అడిగారు. పేగులోకి పేగు చొచ్చుకుపోయిన కేసులు ఏ ఊళ్లో ఎన్ని వచ్చాయో విడివిడిగా బయటపెట్టమని మరికొందరు డాక్టర్లు పట్టుబట్టారు. రెండో అనుమానానికి జవాబు 2020లో దొరికింది. దేశంలోని 27 ఆసుపత్రుల్లో కేసులను గమనించి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేసిన అధ్యయనంలో టీకాకూ ఆ పేగు సమస్యకూ సంబంధం కనబడలేదు. మొదటి అనుమానం మాత్రం అంకెలతో తీరేది కాదు. అప్పటికి ఆ టీకాలు మన ప్రభుత్వ కార్యక్రమంలో లేవు గనుక పేద బిడ్డకు ఎలాగూ అందేవి కావన్నది ప్రయోగం చేసినవాళ్ల వాదన. వినడానికి చేదుగానే ఉన్నా అది నిజం.

2016లో మొదట ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హరియాణా, హిమాచల్ ప్రదేశ్‌లకు టీకా వచ్చింది. దేశమంతటికీ అందింది 2019లో. తయారైంది తెలంగాణలో, ఆ తెలంగాణ పిల్లలు మాత్రం మూడేళ్లు ఆగారు. దీపం కింద చీకటి.

భద్రాచలం హాస్టళ్లలో

ఇక ఖమ్మం. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. సుమారు 14 వేల మంది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో పదివేల మంది. నడిపింది పాత్. వెనక భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు ఉన్నాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు ఊరికే వచ్చాయి: ఖమ్మానికి మెర్క్ ఇచ్చింది, వడోదరకు గ్లాక్సో.

2010 ఏప్రిల్‌లో అంతా ఆగిపోయింది. రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేసుకున్నవారిలో ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్త దేశమంతా పాకింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని తర్వాత ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది. ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇంకొందరు పురుగుమందు తాగి, జ్వరాలతో పోయారు. చాలామంది ఇక్కడితో "చూశారా, టీకాది తప్పు కాదు" అని పుస్తకం మూసేస్తారు. టీకాది తప్పు కాదన్నది నేనూ ఒప్పుకుంటా. ప్రపంచంలో వందకు పైగా దేశాలు ఆడపిల్లలకు వేస్తున్న టీకా అది. తప్పు ఉన్నది కాగితాల్లో.

విచారణ సంఘం ముందుకొచ్చిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్నలు కొండ మీద పల్లెలో ఉన్నారు, పిల్ల గిరిజన సంక్షేమ హాస్టల్లో ఉంది. ఆ పిల్ల ఒంట్లోకి మూడు డోసుల కొత్త మందు వెళ్లాలా వద్దా అన్నది వార్డెను నిర్ణయించాడు. రాష్ట్ర ప్రభుత్వ అనుమతితోనే. వార్డెనుకు పైనుంచి ఆర్డరు వచ్చాక "కాదు" అనే దారేది? అడగాల్సింది ఎవరిని, అడిగింది ఎవరిని? పిల్లకేదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో, ఎవరు చూసుకోవాలో అన్న ఏర్పాటు కూడా సరిగా లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో పాత్‌నూ, వైద్య పరిశోధన మండలినీ దులిపేసింది. ప్రభుత్వ కార్యక్రమంలోకి ఒకసారి టీకా ఎక్కిందంటే కంపెనీలకు ఏటా ఖాయమైన బజారు దొరుకుతుంది, అందుకే ఇదంతా అని అనుమానించింది. తాము చేసింది మందు ప్రయోగమే కాదని, అప్పటికే అనుమతి ఉన్న టీకాను ఎలా అందించాలో పరిశీలించడమేనని పాత్ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు ఆధారంగా తీసుకోవచ్చా అన్న ప్రశ్న మీద 2018 మేలో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, తీసుకోవచ్చని తీర్పు చెప్పింది. భద్రాచలం హాస్టళ్ల కాగితాలు అంతదూరం వెళ్లాయి.

తేదీలు గమనించండి. రోటావాక్ ఫలితాలకు చప్పట్లు కొట్టింది 2013 మేలో, ఖమ్మం మీద పార్లమెంటు నిప్పులు చెరిగింది అదే ఏడాది ఆగస్టులో. సంస్థ ఒకటే, డబ్బు ఒకచోటిదే. కాబట్టి సేవా సంస్థల మంచితనం గురించో, కంపెనీల దుర్మార్గం గురించో మాట్లాడుకుంటే ఈ తేడా అర్థం కాదు. ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నదే చూడాలి. రోటావాక్‌లో ధర రాసి ఉంది, తయారీ ఇక్కడే ఉంది, పిల్లలను వారం వారం వెళ్లి చూడటం ప్రయోగంలో భాగం. ఖమ్మంలో టీకా దానంగా వచ్చింది. దానంగా వచ్చినదానికి ధర ఎందుకు రాసుకుంటారు? రేపు రాష్ట్రమంతా వేయాలంటే ఎంతకు కొంటారు? పుచ్చుకునేవాళ్లు ప్రశ్నలు అడిగే పద్ధతి దానంలో ఉండదు. నన్నడిగితే కంపెనీ ఊరికే ఇచ్చిన టీకా కన్నా, డాలరుకు అమ్మిన టీకాయే మర్యాదగా వచ్చింది.

ఆ గొడవ ఖరీదు ఎవరు కట్టారు? మళ్లీ ఆడపిల్లలే. ఆ దెబ్బకు హెచ్‌పీవీ టీకా పేరెత్తడానికే ప్రభుత్వాలు చాలా ఏళ్లు జంకాయి. సీరం ఇన్‌స్టిట్యూట్ దేశీయ టీకా సర్వావాక్‌ను ప్రకటించింది 2022లో. వెనకున్న పేర్లు మళ్లీ బయోటెక్నాలజీ విభాగం, గేట్స్ ఫౌండేషన్.

ఈ హైదరాబాద్ నుంచి ఆ హైదరాబాద్‌కు

ఇలాంటి పొత్తులు ఇప్పుడు మన నగరం చుట్టూ చాలానే అల్లుకున్నాయి. వాటిలో నాకు బాగా నచ్చేది టైఫాయిడ్ టీకా ప్రయాణం. 2016లో పాకిస్థాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో మొండి టైఫాయిడ్ పుట్టింది. వాడే మందుల్లో చాలా భాగం దాని మీద పనిచేయడం మానేశాయి. 2018లో అక్కడ 2 లక్షలకు పైగా పిల్లలకు వేసిన టీకా ఏది? మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ. సరిహద్దులో మాటలు లేని కాలంలో ఈ హైదరాబాద్ మందు ఆ హైదరాబాద్ పిల్లల ఒంట్లోకి చేరింది. 2019లో టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను మామూలు టీకాల పట్టికలో చేర్చిన మొదటి దేశం కూడా పాకిస్థానే. దానికి ముందు నేపాల్, మలావీ, బంగ్లాదేశ్‌లలో ప్రయోగాలు చేసింది మేరీల్యాండ్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు, పాత్ కలిసిన బృందం. కొనడానికి డబ్బు పెట్టింది గావి అనే అంతర్జాతీయ టీకా కూటమి. కంపెనీ ఒంటరిగా మూడు దేశాల్లో అంతటి ప్రయోగాలు చేయించగలిగేదా? అనుమానమే.

కోవిడ్ కాలంలో బయొలాజికల్ ఈ తెచ్చిన కార్బెవాక్స్‌ది ఇంకో దారి. అమెరికాలోని టెక్సస్ చిల్డ్రన్స్ అనే లాభాపేక్ష లేని ఆసుపత్రిలో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొటాజీ తయారుచేసిన టీకా నమూనాకు పేటెంటే తీసుకోలేదు. పరిశోధనకు చందా ఇచ్చినవాళ్లలో ఒక వోడ్కా కంపెనీ కూడా ఉంది, పది లక్షల డాలర్లు! 2021 డిసెంబరు చివర్లో అనుమతి వచ్చింది, 2022 మార్చి నుంచి మన దగ్గర 12-14 ఏళ్ల పిల్లలకు వేశారు. ప్రభుత్వం కొన్న ధర పన్ను కాకుండా 145 రూపాయలు.

ఇప్పుడు అందరి చూపూ మలేరియా మీద ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాద్‌లోనే. ఆ నగరపు కంపెనీ చేతికే ఇప్పుడు మలేరియా టీకా తయారీ వస్తోంది. గ్లాక్సో 1987లో మొదలుపెట్టి, 2001 నుంచి పాత్‌తో కలిసి లాక్కొచ్చిన ఆర్‌టీఎస్,ఎస్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఆఫ్రికా పిల్లలకు సిఫారసు చేసింది. మొదట్లో యూనిసెఫ్ కొన్న ధర డోసుకు 9.30 యూరోలు, నాలుగు డోసులు కావాలి. తయారీని భారత్ బయోటెక్‌కు బదిలీ చేసే ఒప్పందం 2021 జనవరిలో కుదిరింది. 2028 నాటికి డోసు ఐదు డాలర్ల లోపుకు దిగుతుందని 2025 జూన్‌లో రెండు కంపెనీలూ ప్రకటించాయి.

ఈ ఒప్పందంలో చదవాల్సిన వాక్యం ఇంకొకటుంది. టీకాలోని అసలు ప్రొటీన్ మన కంపెనీ చేస్తుంది. టీకాకు బలమిచ్చే తోడు మందు మాత్రం గ్లాక్సో దగ్గరే ఉంటుంది, వాళ్లే సరఫరా చేస్తారు. ఆ తోడు మందులో చిలీ దేశపు చెట్టు బెరడు నుంచి తీసే పదార్థం ఒకటుంటుంది, మన కుంకుడు కాయలా నురగ వచ్చే రకం. అంటే తయారీ మన దేశానికి వచ్చినా ఒక తాళంచెవి అక్కడే ఉండిపోయింది. సాంకేతికత బదిలీ అన్న మాట పేపర్లో కనబడినప్పుడల్లా ఏది ఇచ్చారు, ఏది అట్టిపెట్టుకున్నారు అని వెతకడం మంచి అలవాటు.

పోటీ మాత్రం అప్పుడే వచ్చేసింది. ఆక్స్‌ఫర్డ్ రూపొందించి సీరం చేస్తున్న ఆర్21 మలేరియా టీకాను 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అప్పుడు చెప్పిన ధర రెండు నుంచి నాలుగు డాలర్ల మధ్య. 2028కి ఐదు డాలర్ల లోపు అన్న మాట ఆఫ్రికాలో కొనేవాళ్ల చెవికి ఎలా వినిపిస్తుందో వేరే చెప్పాలా? ఆ "లోపు" ఎంత లోపో తేల్చుకోవడానికి హైదరాబాద్‌కూ లండన్‌కూ ఇంకా కొంత వ్యవధి ఉంది.